వంకర రాళ్ళు

నాకంటే ఏడాదిన్నర పెద్దదైన మా అక్క చేతి పని గురించి సూరత్ బమ్రోలిలో మా గల్లీ అంతటికీ తెలుసు. నా చేతి పని గురించి కూడా తెలుసు, వేరే రకంగా. "చిన్నదానికి చేతుల జాగల గూడ కాళ్ళే పెట్టిండు దేవుడు" అనేది అమ్మ, పక్కింటివాళ్ళకు వినపడేలాగానే.

పని చీరలకు రాళ్ళు అంటించడం. రింగ్ రోడ్ మార్కెట్ నుంచి చీరల మూట వచ్చేది. అంచు పొడవునా జిగురు చుక్కలు పెట్టుకుంటూ, మైనం అంటిన పుల్లతో ఒక్కో మెరుపు రాయినీ ఎత్తి చుక్క మీద దించాలి. నాన్న మిల్లుకు పోయాక మేం ముగ్గురం చీర చుట్టూ కూర్చునేవాళ్ళం. ఎవరి వరుస ముందు అయిపోతుందా అని అక్కకూ నాకూ పందెం. మొదట్లో చాలాసార్లు నేనే గెలిచేదాన్ని. ఈ మాట ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు.

ఊరి నుంచి సూరత్‌కు వచ్చాక మా ఇద్దరినీ తెలుగు బడిలో ఒకే తరగతిలో వేశారు. అది ఎనిమిది వరకే. ఎనిమిదో తరగతి సగంలో ఉండగా, అమ్మ నాన్నతో అంటున్న మాట తలుపు వెనక నుంచి విన్నాను.

"ఇద్దరు హైస్కూలుకు పోతే ఇంట్ల పనెట్ల? చెయ్యి మంచిగున్న పిల్ల నా తాన ఉంటది. ఇంకోదాన్ని చదివిద్దాం."

అక్క అప్పుడు నీళ్ళకు పోయింది. తిరిగొచ్చాక ఆమెకు చెప్పొచ్చు. చెప్పలేదు. మర్నాటి నుంచి నా రాళ్ళు వంకరపోయాయి. జిగురు పొంగేది, మరక పడేది. మూడు చీరలు మార్కెట్ నుంచి వాపసు వచ్చాయి. అమ్మ నెత్తిన మొట్టి, "అక్కను జూసి నేర్సుకో" అంది. అక్క తల ఎత్తకుండా నవ్వుకునేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది, ఓడిపోవాలని కూర్చున్నదాన్ని నేనే అయినా. తోడబుట్టినవాళ్ళ పోటీలో ఈ తిక్క ఒకటి.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. మా అక్క ఇంట గెలిచి, ఇంట్లోనే ఉండిపోయింది. నేను చదువుకుని అమ్రోలిలో ఒక బడిలో టీచరునయ్యాను.

మొన్న ఆదివారం ఆమె దగ్గరికి వెళ్ళాను. అదే గల్లీ, అదే పని. ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు, చీరను ముక్కు దాకా తెచ్చుకుంటుంది. పక్కన ఇద్దరు కూతుళ్ళు. చిన్నది పెట్టిన వరుస చూపించి అక్క పకపకా నవ్వింది.

"సూడు చెల్లె, అచ్చం నీ చెయ్యే."

నాకు నవ్వు రాలేదు. పిల్లల్ని చాయ్‌పత్తి తెమ్మని బయటికి పంపి, ఇన్నేళ్ళూ గొంతులో పెట్టుకున్న మాట కక్కేశాను.

"అక్కా, అప్పుడు నేను కావాలనే వంకరగ పెట్టిన."

ఆమె పుల్ల ఆపలేదు. "నాకెర్కనే" అంది. "ముందుగాల నాకంటె మంచిగ పెడుతుంటివి. ఒక్క దినంల చెయ్యి చెడిపోతదా? అమ్మకు చెప్దామనుకున్న. గని అమ్మ నిన్ను తిట్టుకుంట నన్ను మెచ్చుకుంటుంటె మస్తు మంచిగనిపించేది. నోరు మూసుకున్న."

నన్ను కాపాడింది నా తెలివి అనుకున్నాను ఇన్నాళ్ళూ.

"గా మెప్పుకు నా బడి పోతదని నాకేమెర్క?" అని, అప్పుడు పుల్ల కింద పెట్టింది. మసక కళ్ళు నా మొహం మీద నిలిపింది. "నీకెర్కనా, చెల్లె?"

అది చెప్పడానికే నోరు తెరిచాను.

"లేదక్కా" అన్నాను.

"గదే. ఎర్కుంటె నువ్వు నాకు చెప్పకపోతువా" అని నా చేయి నిమిరింది. ఆమె వేళ్ళ కొసలు జిగురుకు బండబారి, గరుగ్గా తగిలాయి.