ఏ పెట్టెలోనూ దూరని కేసెట్టు

బల్బు ఏ కంపెనీదైనా హోల్డరు ఒకటే. వీడియో గేముల పెట్టెలు అలా కాదు. ఒకరి కేసెట్టు ఇంకొకరి పెట్టెలో దూరదు. కూర్మన్నపాలెంలో మా గేముల కొట్టు సగం నడిచింది ఆ దూరకపోవడం మీదే. తప్పు కేసెట్టు కొన్నవాడు మార్చుకోవడానికి వస్తాడు, వచ్చినవాడికి ఇంకోటి అంటగట్టడంలో నేను ఘనుణ్ని. అందుకే, కంపెనీలన్నీ ఒకే కొలతకు రావాలని నేనంటే మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు.

నాకా పట్టుదల జాలరిపేట నుంచి ఎండుచేపలు తెచ్చే ఒకామె వల్ల వచ్చింది. ఆమె కొడుకు సముద్రంలో వేటకెళ్లి తిరిగి రాలేదు. అతను పోర్టులో ఓ ఓడవాడి దగ్గర కొన్న గేము పెట్టెను ఉప్పుగాలి తినేసింది. మిగిలిన కేసెట్టును కొంగులోంచి తీసి చూపించింది.

“మావోడు ఆట ఆపీసినకాడే ఆ బొమ్మ నిలబడి ఉంటాదంట బాబూ. ఓపాలి సూపించవా?”

మా కొట్టులో సరుకు లేకపోయినా ‘లేదు’ అనరు, గల్లాకు అశుభమని. ‘వస్తుంది’ అంటారు. నాన్న అలాగే అన్నారు. ఆమె నమ్మింది. కొత్త పెట్టె వచ్చినప్పుడల్లా బుట్ట బయట దించి, దాని నోటికి కేసెట్టు ఆనించి చూసేది. ప్రతిదాని నోరూ వేరే. అంచులు అరగదీసి దూర్చేద్దామని నేను ఆకురాయి తీస్తే, చటుక్కున లాక్కుంది.

“గీకీకు. ఆడికి తగిలీద్ది.”

కేసెట్లు పోయి డిస్కులొచ్చాక, ఉద్యోగుల క్వార్టరు ఖాళీ చేస్తున్న ఒకరింట్లో ఆ కేసెట్టు దూరే పెట్టె దొరికింది. బేరమాడకుండా కొన్నానని తెలిసి నాన్న నా నుదురు పట్టుకు చూశారు.

ఆమె వచ్చాక కేసెట్టు పెడితే, తెరమీద వంతెన చివర చిన్న బొమ్మ నిలబడి ఉంది, ఊపిరి తీసుకుంటున్నట్టు భుజాలు కదుపుతూ. నేను బొమ్మను నడిపే మీట అందుకోబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది. కదపొద్దంది. పెట్టెను ఇంటికీ తీసుకెళ్లనంది, సముద్రం దాన్నీ తినేస్తుందని. కొట్టులోనే ఉంచాం. వచ్చినప్పుడల్లా కాసేపు చూసి వెళ్లేది. ఆమె లేనప్పుడు, కట్టేసిన ఆ టీవీకి వీపు పెట్టి కూర్చోవాలంటే నాకు ఒళ్లు జలదరించేది.

కేసెట్టు జ్ఞాపకాన్ని నిలిపేది లోపలి చిన్న బ్యాటరీ. అది అయిపోయేలోపు ఆ జ్ఞాపకాన్ని ఇంకో పెట్టెలోకి ఎక్కించగలరా అని తెలిసిన మెకానిక్కులందరినీ అడిగాను. ఏ కంపెనీ లెక్క దానిదే, కుదరదన్నారు. అందరిదీ ఒకే కొలతైతే ఆ బొమ్మ పెట్టె నుంచి పెట్టెకు నడిచిపోయేది.

ఒకనాడు ఆమె వచ్చినప్పుడు మీట నొక్కితే వంతెన లేదు. కొత్త ఆట మొదలుపెట్టమని తెర అడుగుతోంది. కేసెట్టు తీసి, ఊది మళ్లీ పెట్టినా అదే తెర. ఆమె తెర దగ్గరకొచ్చి చూసింది.

“ఇన్నాళ్లూ ఆగినాడు బాబూ. ఎలిపోనాడు.”

కేసెట్టు తీసిస్తే పుచ్చుకోలేదు.