ముందర్రూంలో పుట్ట

ఆ సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఇందిరమ్మ తలస్నానం చేసి, బొడ్లో దోపుకున్న తాళంచెవి తీసి ముందర్రూం తలుపు తెరిచింది. మూడు నెలల తర్వాత తెరవడం అదే. ఒక అడుగు లోపల వేసింది. వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

కిటికీ కింద, గోడను ఆనుకుని, పుట్ట లేచి ఉంది. మోకాలెత్తు. ఎర్రమట్టి ఇంకా తడారలేదు. పైన మూడు కొనలు. ఒక కొనకు వేలు పట్టేంత బొక్క ఉంది. ఆ బొక్క మీద పడిన చూపును మళ్లించుకోవడం ఆమెకు చేతకాలేదు. అది సరిగ్గా అత్త తలపెట్టి పడుకున్న చోటు.

శామీర్‌పేటలో ఉన్న పొలం ప్లాట్లు చేసి అమ్మిన డబ్బుతో భర్త లక్ష్మణ్ 1994లో ఆ ఇల్లు కట్టించాడు. ఆరు గదులున్నా ఇందిరమ్మ మనసంతా ముందర్రూం మీదే. సోఫాల మీది ప్లాస్టిక్ కవర్లు తొమ్మిదేళ్లయినా తీయలేదు. షోకేసులో పింగాణీ కప్పులు ఏ పెదవినీ తాకలేదు. పట్నం చుట్టాలు వస్తే, పార్టీ పెద్దలు వస్తే ఆ తలుపు తెరుచుకునేది. ఇంట్లోవాళ్లు తినేది, టీవీ చూసేది, పోట్లాడుకునేది వెనక వసారాలో. ఒక్కగానొక్క కొడుకు అభిలాష్ సైతం ఇంజనీరింగ్ పాసైన రోజున ఫొటో కోసం ఒకసారి ఆ సోఫాలో కూర్చున్నాడు, అంతే.

మే నెలలో అత్త సత్తెమ్మ మంచాన పడింది. ఆమె ఉండేది వడ్ల బస్తాల పక్క గదిలో. చూడ్డానికి కీసర నుంచి, పట్నం నుంచి మనుషులు వస్తున్నారని తెలిసి ఇందిరమ్మ ఆమెను మంచంతో సహా ముందర్రూంలోకి మార్పించింది. వచ్చినవాళ్లు మెచ్చుకుని పోయారు. మూడో రోజు మధ్యాహ్నం ముసలామె కన్ను మూసింది. పంతులు పంచాంగం తిప్పి, నక్షత్రం మంచిది కాదు, ప్రాణం పోయిన గదిని మూడు నెలలు మూసిపెట్టండి అన్నాడు. మూశారు. వానలు మొదలైనా ఆ గదికి గాలి లేదు, వెలుతురు లేదు, చీపురు లేదు.

గడువు ఆదివారంతో తీరింది. గురువారం కొంపల్లి నుంచి అమ్మాయివాళ్లు ఇల్లు చూడ్డానికి వస్తున్నారు. అశ్రిత, అభిలాష్ ఒకరికొకరు నచ్చారు. జాతకాలు కలిశాయి. మిగిలింది ఇల్లు చూడటమే. పుట్ట లేచిన ఇంటికి పిల్లనెవరిస్తారు? ఇంట్లో పుట్ట లేస్తే ఇల్లు ఖాళీ చేసి పోవాలంటారు. తవ్వి పారేస్తే ఇంటి మగపిల్లవాడికి కీడంటారు. రెండు మాటలూ ఆమె చిన్నప్పటి నుంచి విన్నవే. ఎటు తిప్పినా దెబ్బ తగిలేది అభిలాష్‌కే.

ఊడ్వడానికి వచ్చిన పనిమనిషి ఐలమ్మ, ఇందిరమ్మ భుజం మీదుగా లోపలికి చూసింది. చీపురు గోడకు ఆనించి రెండు చేతులూ జోడించింది.

"అమ్మా, గిదెప్పుడు లేసింది?"

"నాకేం తెల్సే? ఇప్పుడే తాళం దీసిన. దండాలు తర్వాత వెడుదువు, ఊడువు."

"పుట్టను ఊడుస్తరా అమ్మా!"

"పుట్ట గాదు, సెదలు. ఉత్త మట్టి."

"ఉత్త మట్టైతె నువ్వు గడప ఇవుతల్నే ఎందుకు నిలవడ్డవ్?"

ఇందిరమ్మ ఆ మాట దాటేసింది. "బక్కయ్యను రమ్మను. గడ్డపారతోని తీస్తడు. ఏం గావాల్నో ఇస్త."

బక్కయ్య ఐలమ్మ మొగుడు. చెరువులో చేపలు పట్టేవాడు.

"మా ఆయిన నడి చెర్ల మొసలి ఉన్నదన్నా దిగుతడు గని పుట్టకు పార వెట్టడు," అంది ఐలమ్మ. "నీ కొడుకు కొడుకే గని, మా కొడుకు కొడుకు గాదా అమ్మా?"

ఇందిరమ్మకు కోపం రావాల్సింది. రాలేదు. కీడేదో బక్కయ్య ఇంటికి పోతుందని తాను లోపల అనుకున్నమాట నిజమే.

సాయంత్రం లక్ష్మణ్ వచ్చి చూశాడు. ప్లాట్లు వేయడానికి పొలాల్లో ఎన్ని పుట్టలను బుల్డోజర్‌తో చదును చేయించాడో అతనికే గుర్తులేదు.

"దీనికేనా గింత పరేషాన్? గడ్డపార తే."

తెచ్చింది. అతను పట్టుకుని గోడ దాకా పోయాడు. నిలబడ్డాడు. మీసం దువ్వుకున్నాడు.

"ఇయ్యాల సోమారం గదా, శివుని దినం. రేపు జూద్దాం."

మరునాడు "మంగళారం నాడు ఎవడన్న తవ్వుతడా?" అన్నాడు. బుధవారం ఆమె అడగకముందే బండి స్టార్ట్ చేశాడు. ఆమె గేటుకు అడ్డంగా నిలబడింది.

"ఊరు ఊరంత తవ్విచ్చినవ్. మూరెడు మట్టికి భయమైతాందా?"

"అవి బయటి పుట్టలే. గిది మా అమ్మ పండుకున్న జాగ," అని అతను ఆమె ముఖం చూడకుండా గేరు వేశాడు.

ఆ రెండు రోజులూ ఇందిరమ్మకు అన్నం దిగలేదు. ఆఫీసు నుంచి కొడుకు బండి పావుగంట ఆలస్యమైతే ఫోను దగ్గర నిలబడేది. మోగితే ఎత్తడానికి చేయి వచ్చేది కాదు. గంటకోసారి తలుపు సందులోంచి లోపలికి చూసేది. మంగళవారం మధ్యాహ్నానికి పుట్టకు నాలుగో కొన వచ్చింది.

బుధవారం పదకొండు గంటలకు ఐలమ్మే దారి చెప్పింది. "పాలు వోసి, దండం వెట్టి, పొమ్మని సెప్పాలె అమ్మా. సెప్పకుంట తీస్తెనే కోపమొస్తది."

"ఎవలకు జెప్పాలె?"

"ఆ పుట్టల ఎవలున్నరని నువ్వు భయపడ్తున్నవో ఆళ్లకు."

ఇందిరమ్మ చెంబెడు పాలు పోసింది. పుట్ట చుక్క మిగల్చకుండా పీల్చుకుంది. చేతులు జోడించింది.

"అత్తమ్మా, చుట్టాలొస్తున్రు. లెవ్వు."

అన్నాక తన మాట తనకే వినబడింది. ముసలామె ఎండ తప్పించుకుని ఈ గడప మీద కూర్చున్నప్పుడల్లా తొమ్మిదేళ్లపాటు తాను అన్నది ఇదే, ఇదే గొంతుతో. ఆమె ఏనాడూ ఎదురు చెప్పలేదు. గోడ పట్టుకుని లేచి వెనక్కి పోయేది.

ఇందిరమ్మ ఆగి చూసింది. లోపల ఏదీ కదల్లేదు. గడ్డపార ఎత్తింది.

మొదటి పోటుకు కొనలు రాలాయి. తెల్లటి పురుగులు గచ్చు మీదికి పారాయి. మూడో పోటుకు మట్టిలోంచి నల్లగా, మెత్తగా ఏదో జారి ఆమె పాదం మీద పడింది. అరుస్తూ వసారాలోకి పరుగెత్తింది. ఐలమ్మ కట్టెతో దాన్ని వెలుగులోకి లాగింది. బొంత. పాత చీరలతో సత్తెమ్మ తనకు తానే కుట్టుకున్నది. శవాన్ని, మంచాన్ని బయటికి తీసే తొందరలో అది నేల మీదే ఉండిపోయినట్టుంది. సగం చెదలు తిన్నాయి, మిగతా సగం మీద పుట్ట లేచింది.

"అంతే అమ్మా, బొంత," అంది ఐలమ్మ. ఇందిరమ్మ మాత్రం దగ్గరికి రాలేదు. పాము అయి ఉంటే కొట్టి చంపేవారు, ఈ బొంతను ఏం చేయాలో ఆమెకు తోచలేదు. చివరికి మట్టితో పాటే దాన్నీ పొలం గట్టున పోయించింది. గచ్చును పసుపునీళ్లతో నాలుగుసార్లు కడిగించింది.

గురువారం ఏడుగురు వచ్చారు. ప్లాస్టిక్ కవర్లు తీసిన సోఫాల్లో కూర్చున్నారు, పింగాణీ కప్పుల్లో చాయ్ తాగారు. అశ్రిత తల్లి షోకేసు మెచ్చుకుంది. అంతా సాఫీగా జరుగుతుండగా అభిలాష్ మిఠాయి పళ్లెం పట్టుకుని వచ్చి కిటికీ కింద నిలబడ్డాడు.

"అక్కడ నిలవడకు బిడ్డా!"

ఆ కేకకు ఏడుగురూ తిరిగి చూశారు. అశ్రిత నాయనమ్మ కళ్లజోడు సర్దుకుని గచ్చు వంక చూసింది.

"ఏమైంది వదినె?" అంది అశ్రిత తల్లి.

"ఏం లేదు వదినె. అక్కడ ఫ్యాను గాలి రాదు."

"గాలి లేకుంటె పెండ్లికొడుకు మాడిపోతడా!" అని లక్ష్మణ్ అందరికంటే గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. అందరూ నవ్వారు. పోయేముందు తాంబూలాలు ఇచ్చుకున్నారు. కార్తీకంలో ముహూర్తం పెట్టుకున్నారు.

ఆ తర్వాత ముందర్రూంకు తాళం పడలేదు. కిటికీలు పగలంతా తెరిచే ఉంచుతున్నారు. చెదల మందు కొట్టే మనిషిని పిలిపించి లక్ష్మణ్ గోడ పొడుగునా రంధ్రాలు వేయించి మందు పోయించాడు. రెండేళ్లు ఢోకా లేదన్నాడు ఆ మనిషి.

వినాయక చవితి దాటిన మూడో రోజు అదే కిటికీ కింద మట్టి మళ్లీ లేచింది. ఇందిరమ్మ ఈసారి ఎవరికీ చెప్పలేదు. కొడుకు పాత స్కేలు తెచ్చి దూరంగా కూర్చుని, చేయి చాచి కొలిచింది. నాలుగు అంగుళాలు. పెళ్లికి ఇంకా డెబ్బై రెండు రోజులున్నాయి.