గేటు దగ్గర దిగిన తోలుపెట్టె

మా ఇంటిపేరు చెబితే అడవి గేట్లు వాటంతటవే తెరుచుకునేవని మా నాయన అనేవాడు. ఆ పేరు ఇత్తడి అక్షరాల్లో ఉన్న తాతగారి తోలుపెట్టెతో ఆళ్లగడ్డ నుంచి బయలుదేరి, నంద్యాల దాటి, నల్లమల సఫారీకి వెళ్లాను. పెట్టెలో ఉన్నవి రెండు జతల బట్టలే.

జీపు ఎక్కబోతుంటే గైడు లింగన్న అడ్డొచ్చాడు. చెంచు పెద్దాయన.

"ఏందప్పా, అడవిలో కాపురం పెడతాండావా? నీళ్లసీసా చాలు. పెట్టె ఈడనే దించు."

"ఇది ఎవరి పెట్టె అనుకున్నావు?" అంటూ మా వంశమంతా చెప్పాను. ఓపికగా విన్నాడు.

"మంచిదే. అహోబిలం నరసింహసామి మాకు అల్లుడు. మా చెంచుల ఆడబిడ్డనే చేసుకున్యాడు. అంత సంబంధమున్నోల్లమే, పులికాడ ఆ గొప్ప చెప్పుకోం."

పెట్టె దించాను.

కొంతదూరం పోయాక జీపు ఆగింది. దారి దుమ్ములో పులి అడుగు, అప్పుడే పడినట్టుంది. లింగన్న దిగి, చెప్పులు విడిచి, దాని పక్కన నిలబడ్డాడు. మా ఇంట్లో నడుము వంచే అలవాటు ఎవరికీ లేదు. నేను దిగి, చెప్పులు విడిచి, వంగి, ఆ అడుగు పక్కన అరచెయ్యి ఆనించాను.

నా చెయ్యి చాలా చిన్నది.