పోశమ్మ డబ్బాలో ఉప్పు

పోశమ్మ ఎవరినీ అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. కూరగాయల బండివాడి తరాజును నమ్మదు, పాలవాడి ఒట్టును నమ్మదు, పక్కింటావిడ పొగడ్తను అసలే నమ్మదు. అలాంటి మనిషి ఒక ఫోనును దేవుడి పటంలా చూడటం మొదలుపెట్టేసరికి లింబాయత్‌లోని ఆ గల్లీ మొత్తం ముక్కున వేలేసుకుంది.

సిరిసిల్ల దిక్కు నుంచి కోడలిగా సూరత్ వచ్చి, సాంచాల షెడ్డులో కండెలు చుట్టీ చుట్టీ, ఆ మరమగ్గాల మోతకు చెవులు మందగించాక, ఆమె వంటలోకి దిగింది. ఇంటివాళ్లను ఊళ్లో ఉంచి ఇక్కడ మగ్గాలు నడుపుకునే వాళ్లకు మధ్యాహ్నం డబ్బాలు పంపుతుంది. ఎవరికి అన్నం కావాలో, ఎవరికి జొన్నరొట్టె కావాలో ఫోన్లో అరిచి అడిగేది. సగం వినపడేది కాదు. వినపడని సగానికి తనకు తోచింది వండి, తిననివాణ్ణి తిట్టేది.

ఈ కేకలు పడలేక, కంప్యూటర్ చదువుతున్న మనవరాలు హిమశ్రీ ఒక వెబ్ పేజీ తయారుచేసింది. పైన ఫారం, కింద జాబితా. పేరూ, కావలసిన తిండీ ఫారంలో రాసి నొక్కితే జాబితాలోకి చేరిపోతుంది. మొదటిరోజు, డబ్బా తెప్పించుకునే లింగమూర్తి పేరు అప్పటికే చేర్చి ఉన్న జాబితాకు, పోశమ్మ కళ్లముందే హిమశ్రీ తిరుపతయ్య పేరు రాసి నొక్కింది. రాసిన గడి ఖాళీ అయిపోయింది.

"అయ్యో, మింగింది!" అని పోశమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"మింగలే బాపమ్మా, కిందికి చూడు."

కింద లింగమూర్తి పేరు, దాని కింద తిరుపతయ్య పేరు. పోశమ్మ వేలితో మెల్లగా తాకి చూసింది, తడి ఆరిందో లేదో చూసినట్టు.

"మరి ముందున్న లింగమూర్తి జరగనే లేదేందే?"

"పాత జాబితాను ముట్టుకోదు బాపమ్మా. పాతోళ్లందర్నీ వెంటబెట్టుకొని, కొత్తాయన్ని కలిపి ఇంకో జాబితా చేస్తది."

"రెప్ప కొట్టే లోపలనా?"

"అంతకన్న జల్ది."

పోశమ్మ ఫోనును కళ్లకద్దుకుంది. ఆ ఇంట్లో అదే పెద్ద వింత.

ప్రతి పేరు పక్కన ఉప్పు వద్దనేవాళ్ల కోసం ఒక చిన్న గడి కూడా ఉంది. పోశమ్మ తిరుపతయ్య పక్కన టిక్కు పెట్టింది. ఆమె పెనిమిటికి చిన్ననాటి దోస్తు తిరుపతయ్య. కిడ్నీలు పాడై ఒకసారి మగ్గం పక్కనే కూలబడ్డాడు. ఉప్పు తగిలితే ఈసారి లేవడం కష్టమని డాక్టర్ గట్టిగా చెప్పాడు. అతనికి ఉప్పు తగలనివ్వనని ఊళ్లో ఉన్న అతని భార్యకు పోశమ్మ మాటిచ్చింది. అప్పటినుంచి అతని పప్పు వేరే చిన్న గిన్నెలో ఉడుకుతోంది.

తర్వాత లింగమూర్తికి పల్సానాలో పని దొరికింది. పొద్దున్నే వచ్చి చెప్పి వెళ్లాడు. పోశమ్మ తానే అతని పేరు పక్కన 'తీసెయ్' అన్నదాన్ని నొక్కింది. పేరు మాయమై, కిందివాళ్లంతా తలా ఒక మెట్టు పైకి జరిగారు. ఎవరూ తోయకుండానే! ఆమె ఒళ్లు పులకరించింది.

అప్పుడు చూసింది టిక్కును. తిరుపతయ్య పక్కన లేదు. అతని తర్వాత జాబితాలో చేరిన కుర్రాడు ప్రణయ్ పక్కన ఉంది.

పాలవాడు ఇలా లెక్క మారిస్తే ఆమె తిట్లకు ఈపాటికి పారిపోయేవాడు. కానీ ఇది ఫోను. పోశమ్మ ఆలోచించింది. ప్రణయ్‌కు ముక్కు మీద కోపం, బీపీ వచ్చే ఉంటుంది. తిరుపతయ్యకు నయమై ఉంటుంది. డాక్టర్‌కు తెలియకముందే దీనికి తెలిసిపోయింది! ఆ సంతోషంలో తిరుపతయ్య డబ్బాలో అందరికీ వండిన ఉప్పు పప్పే పోసి, పైన ఇంత మామిడికాయ తొక్కు కూడా పెట్టింది.

మధ్యాహ్నం కడోదరా నుంచి ప్రణయ్ ఫోన్ చేసి గట్టిగా అరిచాడు.

"పెద్దమ్మా, ఏంది గీ పప్పు? ఏక్‌దం ఫీకా! ఉప్పు మర్చిపోయినవా?"

"మరువలే. నీకు బీపీ అంట."

"ఎవలు చెప్పిన్రు?"

"ఫోనే చెప్పింది!"

పక్కనే తింటున్న హిమశ్రీ ఫోన్ లాక్కుని జాబితా చూసింది. చేతిలో ముద్ద కంచంలోనే పడేసింది.

"బాపమ్మా, ఇది టిక్కును మనిషిని బట్టి గుర్తుపెట్టుకోలే, వరుసను బట్టి పెట్టుకున్నది. రెండో వరుసకు ఉప్పు వద్దనుకున్నది. లింగమూర్తి పోంగనే రెండో వరుసకు ప్రణయ్ వచ్చిండు!"

పోశమ్మ సగమే విన్నది. ఆ సగం చాలు. తిరుపతయ్య ఫోన్ మోగినా షెడ్డులో వినపడదు. చిన్న గిన్నెలో అడుగున మిగిలిన చప్పటి పప్పు మూత పెట్టి పట్టుకుని, ఆటో ఎక్కింది.

షెడ్డులో మోతకు పక్కమనిషి మాట కూడా వినపడదు. అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. చివరి మగ్గం అవతల తిరుపతయ్య డబ్బా విప్పుకుని కూర్చున్నాడు. పోశమ్మ గుమ్మంలోంచి మూడు వేళ్లు కలిపి ఉప్పు చల్లినట్టు చూపి, చెయ్యి అడ్డంగా ఊపింది. ఉప్పు ఎట్లా ఉందని అడుగుతోంది అనుకున్నాడు అతను. మొహం వెలిగిపోయింది. బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా కలిపి బ్రహ్మాండం అన్నట్టు చూపించి, ముద్ద ఎత్తాడు.

ఆ అరిగిపోయిన మోకాళ్లతో ఆమె ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలియదు. ముద్దతో సహా డబ్బా లాక్కుని, అతన్ని బయటికి ఈడ్చుకొచ్చింది.

"ఎంత మింగినవ్?"

"రెండే ముద్దలు వదినె. తొక్కు ముట్టనే లేదు, ఆఖరుకని దాచుకున్న. ఇంతకూ నాకు ఉప్పు ఇయ్యమని ఎవలన్నరు?"

"ఫోను."

"మంచి ఫోను వదినె! జర దాని మాట విను."

పోశమ్మ గిన్నె అతని చేతిలో పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంది. లాక్కున్న డబ్బాను రెండు చేతులా ఒళ్లో అదుముకుంది. అతను అది చూసి, తొక్కు వంక చూడటం మానేసి, చప్పటి పప్పు మొత్తం ఊడ్చాడు.

సాయంత్రానికి హిమశ్రీ ప్రతి పేరుకూ సొంత గుర్తు కట్టింది. ఇక పైకి జరిగినా కిందికి జరిగినా ఎవరి టిక్కు వారితోనే. తిరుపతయ్య కూడా వచ్చాడు, ఉప్పు మీద ఆశ చావక. హిమశ్రీ ఒక ఉత్తుత్తి పేరును అందరికంటే పైన చేర్చి, తీసేసింది. తిరుపతయ్య పేరు కిందికి జరిగి మళ్లీ పైకి వచ్చింది. టిక్కు కూడా అతని వెంటే దిగి, అతని వెంటే ఎక్కింది.

"ఇంకోపారి నొక్కు బిడ్డా," అన్నాడు తిరుపతయ్య.

నొక్కింది. టిక్కు అతన్ని వదల్లేదు.

పోశమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. తర్వాత ఫోను మీద చెయ్యి ఆనించి, నిద్రపోయే పిల్లకు చెప్పినట్టు మెల్లగా అన్నది: "గట్లనే పట్టుకో. వాణ్ణి ఇడువకు."