ఇంజిను ఆపే ముందు రెండు నిమిషాలు

మా జీపులో పాత పెట్రోలు ఇంజిను తీయించి, ఒక చిన్న కారు టర్బో డీజిలు ఇంజిను పెట్టించింది రెండువేల సంవత్సరం దాటిన ఐదారేళ్లకు. సరదాకు చేసిన పని కాదు. అప్పటికి మా కుటుంబానికంటూ మిగిలిన వస్తువు ఆ జీపు ఒక్కటే. పొలాలు నాన్నగారి హయాంలో రొయ్యల చెరువులయ్యాయి. చెరువులకు తెల్లమచ్చ తెగులు వచ్చింది. రెండు పంటలు వరసగా చచ్చి నీళ్ల మీద తేలాక చెరువులూ పోయాయి, బాపట్లలో ఇల్లూ పోయింది. అదే ఊళ్లో రెండు గదుల వాటాలో అద్దెకు ఉంటున్నాం, నేనూ మా ఆవిడా. నాకు నలభై నాలుగేళ్లు. డిగ్రీ ఉంది గాని, నన్ను పిలిచి ఉద్యోగం ఇచ్చే వయసు దాటిపోయింది. ఒకరి దగ్గరికి వెళ్లి అడగడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

పని దానంతటది వచ్చింది. రేపల్లెలో రొయ్యల మేత అమ్మే షావుకారు ఒకాయన కబురు పెట్టాడు. వాళ్ల నాన్న ఒకప్పుడు మా కల్లంలో ధాన్యం తూచేవాడు. ఆ గౌరవం కొద్దీ నన్ను ఇంకా బాబుగారూ అనే పిలిచేవాడు.

"వానలు పడితే చెరువు గట్ల మీద ట్రక్కు ఆటోలు దిగబడిపోతన్నాయండి. మీ జీపైతే నాలుగు చక్రాలూ లాగుద్ది. కాకపోతే పెట్రోలు బండి మీకూ గిట్టదు, నాకూ గిట్టదు. డీజిలు చేయించుకురండి, మేత బస్తాలన్నీ మీకే ఇస్తాను. పొద్దున ఏడింటికి కొట్టు ముందుండాలి."

"ఉంటాను."

"ఇంకోటండి. మేత ఒక్క పూట ఆలస్యమైతే రైతు ఇంకో కొట్టుకెళ్లిపోతాడు. వరసగా రెండ్రోజులు మీ బండి రాకపోతే నేను వేరే బండి చూసుకుంటాను. మళ్లీ ఏమీ అనుకోకూడదు మీరు."

నేను తల ఊపాను. ఈ పని కూడా పోతే జీపును పాత ఇనుము కింద తూకానికి వేయడమే. ఆ సంగతి మా ఆవిడకు కూడా చెప్పలేదు.

ఇంజిను బాపట్లలోనే దొరికింది. వెనక నుంచి లారీ గుద్దిన కారు ఒకటి ఒకరి పెరట్లో తుప్పు పడుతూ ఉంది. వెనక భాగం నుజ్జు, ముందు భాగానికి దెబ్బ లేదు. తెనాలి నుంచి మేస్త్రి రైల్లో వచ్చి, బ్యాటరీ తగిలించి, చెవి ఆనించి విని, "ఇది బతికే ఉందండి," అన్నాడు.

అతని తండ్రి కాలం నుంచీ మా జీపు తెనాలిలో వాళ్ల షెడ్డులోనే బాగుపడేది. యాభై ఏళ్ల మనిషి. ఇంట్లోంచి అన్నం డబ్బా తెచ్చిన అన్నగారితో ఉర్దూలో రెండు మాటలు మాట్లాడి, ఆ నవ్వు మొహంతోనే నావైపు తిరిగి తెలుగులో మాట్లాడేవాడు. మూడు వారాలు పట్టింది పని. పాత ఇంజినును గొలుసు కప్పీతో పైకి లేపినప్పుడు ఆ బరువుకు దూలం కిర్రుమంది. దాని స్థానంలో కొత్తది దించితే చుట్టూ చేతులు పట్టేంత ఖాళీ. ఎదురు షెడ్డులో లేత్ నడిపేవాడు గేర్ బాక్సుకూ కొత్త ఇంజినుకూ మధ్య బిగించే మందపాటి ఇనప పలక కోసి తెచ్చి, లోపలికి తొంగి చూశాడు.

"ఏంటి సాయిబూ, ఏనుక్కి మేక గుండె పెడతన్నావా?"

"మేకేరా. కానీ ఇది పరిగెత్తే మేక," అన్నాడు మేస్త్రి.

పరిగెత్తించేది టర్బో. ఇంజినులోంచి బయటికి పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంజినులోకి మరింత గాలిని కూరుతుంది. ఆ చక్రానికి ఎప్పుడూ ఆయిలు అందుతూ ఉండాలి. కారులో ఉన్న ఆయిలు గొట్టం జీపులో పొట్టిదైపోతే, మేస్త్రి రాగి గొట్టం వంచి తనే ఒకటి తయారు చేశాడు. మొదటిసారి స్టార్టు చేసిన రోజు అతను అందరికీ టీ తెప్పించి, తాళంచెవి నా చేతిలో పెట్టి ఒక మాట చెప్పాడు.

"దూరం నడిపొచ్చాక వెంటనే ఆపొద్దండి. రెండు నిమిషాలు స్లోలో తిరగనియ్యండి. లోపల చక్రం ఎర్రగా కాలి ఉంటది. మీరు టక్కున ఆపితే ఆయిలూ ఆగిపోద్ది, ఉన్న కాస్తా అక్కడే మాడిపోద్ది. ఇదొక్కటీ మర్చిపోకండి."

నేను మర్చిపోలేదు. పాటించలేదు, అంతే.

మా ఇంట్లో బండి విషయంలో ఒక పద్ధతి ఉండేది. ఎవరింటికి వెళ్లినా వీధి మలుపులోనే ఇంజిను ఆపేసి, బండి తనంతట తాను దొర్లి అరుగు ముందు నిలబడాలి. ఇంజిను మోగుతుండగా మనిషిని పలకరించడం అమర్యాద. ఆగిన బండిలో ఇంజిను నడుపుతూ కూర్చునేది జీతగాడు, యజమాని ఎప్పుడు వస్తాడా అని చూస్తూ. పెట్రోలు జీపు ఈ పద్ధతికి ఏనాడూ అడ్డు చెప్పలేదు.

మొదటి రోజు రేపల్లెలో కొట్టు అరుగు మీద ఏడెనిమిది మంది రైతులు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఇద్దరు లేచి నిలబడ్డారు. లేచిన మనుషుల ముందు ఇంజిను మోగిస్తూ రెండు నిమిషాలు స్టీరింగు పట్టుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు. తాళంచెవి తిప్పేశాను. మర్నాడూ అంతే. ప్రతి చెరువు దగ్గరా అంతే. రైతు ఎదురొచ్చి "రండి బాబుగారూ" అనేసరికి నా చెయ్యి తాళంచెవి మీదికి పోయేది.

వాన వెలవని నెల అది. జీపు గట్ల మీద బురదను దున్నుకుంటూ పోతుంటే వెనక పన్నెండు బస్తాలు ఉన్నట్టే తెలిసేది కాదు. ఒక రోజు మా ఆవిడ వాళ్ల అక్కగారింటికని రేపల్లె దాకా నాతో వచ్చింది. కొట్టు ముందు దిగుతూ అడిగింది.

"మేస్త్రి రెండు నిమిషాలు ఆగమన్నాడన్నారుగా?"

"తెలుసు."

"తెలిస్తే మరి?"

నేను తాళంచెవి జేబులో వేసుకుని దిగాను.

నెలా పదిహేను రోజులకు, బస్తాలతో రేపల్లె దాటి ఆరేడు మైళ్లు వెళ్లాక, ముందు భాగంలోంచి ఈల లాంటి అరుపు వచ్చింది. వెనక నీలంగా పొగ. బండి బలం సగానికి సగం పడిపోయి, గట్టు ఎక్కలేక ఆగింది. మేత ఒక ట్రాక్టరులో వెళ్లింది. ఇంకో ట్రాక్టరు నన్నూ జీపునూ తాడు కట్టి తెనాలి లాక్కొచ్చింది. నలభై కిలోమీటర్లకు పైగా స్టీరింగు పట్టుకుని తాడు వైపే చూస్తూ కూర్చున్నాను. దారిలో ఎవరి మొహమూ చూడలేదు.

మేస్త్రి టర్బో విప్పి, చక్రాన్ని వేలితో అటూ ఇటూ కదిపాడు. అది వదులుగా ఊగింది. రెక్కలు లోపలి గోడకు రాసుకుని అరిగిపోయాయి. తర్వాత రాగి గొట్టాన్ని చేతిలో తిప్పి చూశాడు.

"తప్పు నాదేనండి. ఎక్కడో వంపులో నొక్కుకుపోయినట్టుంది. ఆయిలు సరిగ్గా అందలా."

అప్పుడే చెప్పాల్సింది.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాను.

"టర్బోకి అందలేదంటే ఇంజినుకి కూడా అందిందో లేదో. కింద ఆయిలు చాంబరు దించి, బేరింగులు, పంపు అన్నీ చూడాలి. చూడకుండా స్టార్టు చేస్తే ఇంజినే పట్టేసి ఆగిపోద్ది. ఎనిమిది రోజులు. మీరు పైసా ఇవ్వక్కర్లేదు. నా చేతి పని పాడైంది, నేనే బాగు చేస్తా."

ఎనిమిది రోజులు. నాకు ఉన్నవి రెండు. బూత్ నుంచి షావుకారుకు ఫోను చేస్తే, "రేపు కూడా చూస్తానండి. ఎల్లుండి పొద్దున మాత్రం నేను ఆగలేను," అన్నాడు.

రైలెక్కి బాపట్ల వచ్చాను. మా ఆవిడ సంగతంతా విని, అన్నం వడ్డిస్తూ అంది. "మీరు చెప్పలేదు కదూ?"

"లేదు."

"ఆయన పాపం తన తప్పనుకుని ఇంజినంతా విప్పుతున్నాడా?"

"విప్పితే నష్టమేముంది? అన్నీ చూసినట్టవుతుంది."

"ఎనిమిది రోజులు విప్పుతూ కూర్చుంటే పనెక్కడుంటుందండీ? మీరు ఒక్క మాట చెబితే రేపే అయిపోతుందేమో!"

ఆ మాట నాకు తట్టలేదని కాదు. చెబితే ఇంజిను విప్పే పని తప్పుతుంది. చెప్పకపోతే నా పరువు నిలుస్తుంది, పని పోతుంది. ఇంత తేలికైన లెక్క మీద ఎంత మథనపడ్డానో ఇప్పుడు రాస్తుంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు. కాని ఆ రోజు పరువు పోతే నా దగ్గర ఇంకేం మిగులుతుందో నిజంగానే తెలియలేదు.

మర్నాడు పొద్దున పాసింజరులో తెనాలి వెళ్లాను. షెడ్డులోకి అడుగు పెట్టేసరికి మేస్త్రి జీపు కింద పడుకుని ఉన్నాడు. పక్కనే డబ్బాలోకి ఆయిలు కారుతోంది. ఎదురు షెడ్డులోంచి లేత్ వాడి గొంతు.

"రాగి గొట్టం పెట్టి బాబుగారి బండి మాడ్చావు గదయ్యా! ఈసారి వెదురు గొట్టం పెట్టు!"

మేస్త్రి బయటికి జరిగి, ఆయిలు చేతులు తుడుచుకుంటూ నాతో అన్నాడు.

"నిన్న మీరెళ్లాక ఇంకో జీపాయన వచ్చాడండి. మీదాని మాదిరిగా డీజిలు పెట్టించుకుంటానని ఎప్పట్నుంచో అంటన్నాడు. మీ బండి చూసి తనది వెనక్కి తీసుకెళ్లిపోయాడు. పోనీలెండి."

ఆ 'పోనీలెండి' విన్నాక ఊరుకోలేకపోయాను.

"మేస్త్రీ, చాంబరు దించొద్దు. గొట్టం తప్పు కాదు."

"మరేంటండి?"

"నువ్వు చెప్పిన రెండు నిమిషాలు నేను ఆగలేదు."

అతను గుడ్డతో చేతులు తుడుచుకోవడం ఆపాడు. "ఎన్నిసార్లండి?"

"ఒక్కసారి కూడా ఆగలేదు."

అతను కేకలేస్తే బాగుండేది. రాగి గొట్టాన్ని తీసి, ఒక చివర నోట్లో పెట్టుకుని ఊదాడు. గాలి రెండో వైపు నుంచి ధారాళంగా వచ్చింది. నిన్న ఆ పని చేయడానికి అతనికి ధైర్యం చాలలేదని అప్పుడు అర్థమైంది. తర్వాత టర్బో లోపల గీరి, నల్లటి బొగ్గు పెచ్చును గోటి మీద పెట్టి నాకు చూపించాడు.

"నిన్న చెప్పొచ్చుగదండీ."

నేను ఆ పెచ్చును అతని గోటి మీంచి తీసుకున్నాను.

"నేను రాత్రంతా నా చేతుల్నే తిట్టుకున్నా. ఇప్పుడు ఎదురు షెడ్డాయనకి నేను చెబితే సాకంటాడు. మీరెళ్లి చెప్పండి. మీరు చెబితే నమ్ముతాడు."

ఆ వీధి వెడల్పు పది అడుగులు. దాటాను. లేత్ ఆపించి, అక్కడున్న నలుగురూ వినేలా చెప్పాను: మేస్త్రి పని బాగానే ఉంది, పాడు చేసింది నేను, ఎలా పాడు చేశానంటే ఇలా అని. లేత్ వాడు ముందు నమ్మలేదు. నమ్మాక పొట్ట పట్టుకుని నవ్వాడు.

"రెండు నిమిషాలు కూర్చోలేకపోయారా బాబుగారూ? మేం రోజంతా నిలబడతన్నాం గదండీ!"

ఆ నవ్వు అయిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.

తిరిగొచ్చేసరికి మేస్త్రి డబ్బాలోని ఆయిలును పాత పంచె గుడ్డలో వడకడుతున్నాడు. గుడ్డ మీద ఇనప రజను ఏమీ నిలవలేదు. "ఇంజినుకి దెబ్బ తగల్లా," అన్నాడు, నావైపు చూడకుండానే. "టర్బో లేకుండా కూడా ఇది నడుస్తదండి. బలం తక్కువ. గట్టు ఎక్కేటప్పుడు ఏడుస్తది. ఎక్కుద్ది మాత్రం." టర్బో తీసేసి, ఆయిలు వెళ్లే రంధ్రానికి మూత బిగించి, పొగ గొట్టాన్ని నేరుగా కలిపాడు. నల్లపొగ రాకుండా డీజిలు కాస్త తగ్గించాడు. సాయంత్రానికి బండి నడిచింది. డబ్బు ఇవ్వబోతే తీసుకున్నాడు. మామూలుగా మొదట వద్దని, తర్వాత తీసుకునేవాడు. ఈసారి వద్దనలేదు.

మూడో రోజు పొద్దున ఏడు కాకముందే రేపల్లెలో ఉన్నాను. కొట్టు ముందు ట్రక్కు ఆటో ఒకటి బస్తాలు ఎక్కించుకుంటోంది.

షావుకారు నన్ను చూసి ఇబ్బందిగా లేచాడు. "ముందే చెప్పానుగదండీ బాబుగారూ. నిన్నటి మేత ఇతనే తోలాడు, సాయంత్రమే మాటిచ్చేశా."

"మంచిది," అని జీపు వైపు నాలుగు అడుగులు వేశాను. తలుపు మీద చెయ్యి వేశాను. ఎక్కితే ఎక్కడికి వెళ్లాలో తెలియలేదు. బాపట్లకా? వెళ్లి ఏం చేయాలి? వెనక్కి వచ్చాను. అరుగు మీద అందరూ ఉన్నారు.

"నాకీ పని కావాలండీ," అన్నాను. మా కల్లంలో కాటా పట్టినాయన కొడుకును 'అండీ' అనడం నాకు అదే మొదలు. "ఇది లేకపోతే బండి అమ్ముకోవాలి. ఏదైనా ఇవ్వండి."

ఆటో డ్రైవరు బస్తా మీద చెయ్యి వేసి, షావుకారుతో అన్నాడు. "సముద్రం వైపు చివర మూడు చెరువులున్నాయిగదండీ. నిన్న ఆ గట్టు మీద దిగబడిపోయి నలుగురితో తోయించుకున్నా. అయ్యి నా వల్ల కావండి. ఈయనకివ్వండి."

షావుకారు ఊపిరి పీల్చుకున్నాడు. "ఆ మూడూ తీసుకోండి బాబుగారూ. గట్టు ఆరేదాకా. ఆరాక ఆటోనే ఎల్తది, ఏమనుకోకండి."

మూడు చెరువుల కిరాయి మాకు చాలదు. "చాలు," అన్నాను.

ఆరు బస్తాలు ఎక్కించుకుని బయల్దేరాను. బండి నిజంగానే ఏడుస్తూ, మొదటి గేరులో, గట్టు మీది నల్లరేగడిలో చక్రం చక్రం కదుపుకుంటూ ఎక్కింది. సముద్రం మీద మబ్బు విడిపోతోంది. ఎండ పొడ పడిన చోట బురద మీద అప్పుడే సన్నటి పొర కడుతోంది. మధ్యలో ఆగి ఆ పొరను చెప్పుతో నొక్కి చూశాను, ఇంకా ఎన్ని రోజులు పడుతుందోనని. కాలు చీలమండ దాకా దిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.