కుష్ఠు రిజిస్టరులో నా పేరు

1957 వేసవిలో నన్ను టెక్కలి ఆసుపత్రికి అసిస్టెంటు సర్జనుగా వేశారు. హోదా ఘనమే గానీ, ఉన్న డాక్టర్ని నేనొక్కణ్నే. మందులు కలిపి ఇచ్చే కాంపౌండరు వయసులో నాకు పెద్ద, రూల్సులో నాకు గురువు.

వానలు మొదలయ్యాక మూలపేట నుంచి గంగమ్మ అనే జాలరి స్త్రీ ఆరేళ్ల కూతురు నూకాలుని చంకనేసుకొచ్చింది. పిల్ల నోటి చుట్టూ, తొడల మీదా నీటి పొక్కులు. అమ్మవారు పోసిందనుకుని నెల రోజులు వేపమండల మీద పడుకోబెట్టారట. మశూచి అయితే ముందు జ్వరం కాయాలి, నెల రోజులు సాగదు. ఇక్కడ జ్వరం లేదు, మానిన పొక్కు చుట్టూ దండ గుచ్చినట్టు కొత్తవి లేస్తున్నాయి. ఈ జబ్బులో ఒంటిని కాపాడే శక్తే చర్మం మీద తిరగబడుతుందని, కంచే చేను మేస్తుందని, మాకు చాలా ఏళ్ల తరవాత గానీ తెలియలేదు. విశాఖపట్నంలో నాకు పాఠం చెప్పిన చర్మవైద్యుడికి ఉత్తరం రాస్తే, డాప్సోన్ బిళ్లలో పావు వంతు రోజూ ఇచ్చి చూడమన్నారు.

డాప్సోన్ కుష్ఠు మందు. గురువారం జరిగే కుష్ఠు క్లినిక్కులో, ఆ రిజిస్టరులో పేరెక్కితేనే బిళ్ల బయటికొచ్చేది. నేను తెలివి తక్కువగా గురువారం రమ్మన్నాను. గంగమ్మ వచ్చింది, వరసలో ఎవరున్నారో చూసింది, పిల్లతో వెనక్కి తిరిగింది. గేటు దాకా వెళ్లి, ఇది ఆ రోగం కాదమ్మా అని చెప్పాను.

"కాదని తవరికి తెలుసు, నాకు తెలుసు. పేరు రాసేసినాక ఊరోళ్లకి ఎవులు సెప్తారు బాబూ? దీన్ని బావికాడికి రానిత్తారేటి?" అంది.

పిల్లతో అక్కడే ఉండమన్నాను. లోపలికెళ్లి రిజిస్టరులో నా పేరు, నా వయసు, మా నాన్నగారి పేరు రాశాను. కాంపౌండరు కళ్లజోడు సర్దుకుని స్టాంపు వేశాడు. బిళ్లల్ని పావులు చేసి, పొట్లాలు కట్టి గంగమ్మ చేతికిచ్చాను. ఆ మందుతో రక్తం తగ్గే ప్రమాదముంది, అందుకే వారం వారం పిల్ల కనురెప్పలు తిప్పి రక్తం తగ్గలేదు కదా అని చూసేవాణ్ని. మూడో వారానికి కొత్త పొక్కులు ఆగిపోయాయి. నూకాలు నడిచి వచ్చింది. నాకు పట్టలేని సంతోషం.

ఈలోగా నా సంగతి బజారున పడింది. కాఫీ హోటలాయన నాకు వేరే గ్లాసు కేటాయించాడు. తనిఖీకొచ్చిన జిల్లా అధికారి రిజిస్టరు చూసి గతుక్కుమన్నారు. జరిగింది చెబితే కడుపుబ్బా నవ్వారు. వెళ్లేటప్పుడు నాతో చెయ్యి మాత్రం కలపలేదు.

నాకది బదిలీతో తీరిపోయే బాధ. గురువారం వరసలో వాళ్లకు బదిలీలుండవు. మోతాదు పుస్తకంలో దొరుకుతుంది, మందు కోసం మనిషిని ఎక్కడ నిలబెడుతున్నామో అందులో ఉండదు. ఆ తరవాత నేను పనిచేసిన ఏ ఆసుపత్రిలోనూ కుష్ఠుకు వేరే రోజు పెట్టనివ్వలేదు.