రెండు చీటీలకూ ఆమెన్

మా అమ్మకు చదువు రాదు. అందుకని ప్రతి ఆదివారం ఆమె ప్రార్థన చీటీ నేనే రాసేవాణ్ని. మా కోరుట్ల మందిరంలో ఎవరి కోరిక వాళ్లు చీటీ మీద రాసి డబ్బాలో వేస్తే, పాస్టరు ఒక్కొక్కటీ తీసి పైకి చదువుతాడు, అందరూ ఆమెన్ అంటారు. అమ్మ కోరిక ఏళ్లుగా ఒకటే: "నా కొడుకు సేవకు పోవాలె." సేవ అంటే పాస్టరు పని. నాకు మూడేళ్లప్పుడు విషజ్వరం వస్తే, బతికితే దేవునికి ఇస్తానని మొక్కుకుంది. నన్ను అడగలేదు. అడిగితే చెప్పే స్థితిలో నేనూ లేననుకోండి.

అంటే నాకు ఇష్టంలేని దరఖాస్తును నా చేతిరాతతోనే వారం వారం పెట్టుకుంటూ వచ్చాను. ఒక్క అక్షరదోషం లేకుండా.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. డబ్బాలో సగం చీటీలు రాష్ట్రం కోసమే. ఒక ఆదివారం "బంద్ విజయవంతం కావాలి" అన్న చీటీ వెనకే "బిడ్డ పెండ్లి ఉంది, ఆ రోజు బస్సులు నడవాలి" అన్న చీటీ వచ్చింది. రెండింటికీ ఒకే గొంతుతో ఆమెన్ అన్నాం. దేవుడు ఎలా సర్దుకున్నాడో తెలియదు.

డిగ్రీ చివరి ఏడాది జగిత్యాలలో రాస్తారోకోలో కూర్చుంటే మమ్మల్ని స్టేషన్‌కు పట్టుకుపోయారు. ప్రాణాలైనా ఇస్తామని అరిచినవాళ్లమే, లోపలికి పోగానే పులిహోర ఎప్పుడొస్తుందని అడగడం మొదలుపెట్టాం. ఏ కేసు పెట్టారో ఎవరికీ తెలియదు. నాన్న కూలి పని వదిలి వచ్చి, గేటు బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ లోపలికి రానివ్వలేదు. సాయంత్రం నల్లకోటు వేసుకున్న ఒకావిడ వచ్చింది. అరవలేదు. ఏదో కాగితం అడిగింది, లేదన్నారు. "లేకపోతే వీళ్లెందుకు ఉన్నరు?" అంది. పొద్దుగూకక ముందే బయటపడ్డాం. నాన్న దండం పెట్టబోతే ఆపి చెయ్యి కలిపింది. ఆయనతో చెయ్యి కలిపిన చదువుకున్న మనిషిని నేను చూడటం అదే మొదలు. లా చదవాలని అక్కడే అనుకున్నాను. నాకైతే అది దేవుని పిలుపే.

ఈలోగా పాస్టరు సిరిసిల్లలో ఒక బైబిల్ స్కూల్లో నాకు సీటు మాట్లాడాడు. సోమవారమే చేరాలి. అమ్మ బ్యాగు సర్దేసింది.

ఆ ముందురోజు ఆదివారం అమ్మ చీటీ ఎప్పటిలాగే రాశాను. తర్వాత మొదటిసారి నాది రాశాను: "నేను లాయరు కావాలి."

మందిరంలో అమ్మది చదివారు, ఆమెన్. కాసేపటికి నాది చదివారు, ఆమెన్. అప్పుడు పాస్టరు ఆగి, రెండు చీటీలు పక్కపక్కన పెట్టి చూశాడు.

"రాత ఒక్కటే ఉన్నది. ఎవరు రాసిండ్రు?"

లేచాను. "రెండు నేనే రాసిన అయ్యగారు. మొదటిది మా అమ్మది. రెండోది నాది."

"అబద్ధాలాడే పని గది. దేవుని బిడ్డవు, నీకెందుకు?"

"ఈడ సాక్ష్యం చెప్తే అందరం ఆమెన్ అంటం. ఆడ కోర్టుల అడ్డు ప్రశ్నలు అడుగుతరు. అబద్ధం చెప్పుడు ఏడ సులువు?"

వెనక వరసలో ఎవరో దగ్గారు. అది దగ్గు కాదు.

"మీ అమ్మ నిన్ను దేవునికి ఇచ్చింది."

"ఇచ్చింది. తీసుకునేది దేవుడు గద, నడుమ మీరెందుకు అందుకుంటున్నరు?"

పాస్టరు కూర్చోమని చెయ్యి చూపించాడు. నేను కూర్చోలేదు.

"మా నాయిన గేటు బయట నిలవడ్డప్పుడు ఆయన దిక్కు మాట్లాడెటోడు లేకుండె. గా మాట నేర్సుకుంట. నాకు సేవంటే గదే."

రెండో ఆమెన్‌ను వెనక్కి తీసుకుందామన్నాడు పాస్టరు. పెండ్లికి బస్సులు అడిగిన పెద్దమ్మ లేచింది. "ఆమెన్ వాపస్ ఉంటదా అయ్యగారు? గట్లయితే నాకు బంద్ ఆమెన్ వాపస్ ఇయ్యి. పెండ్లికి సగం మంది రాలె."

ఇంటికి నడుస్తూ అమ్మ ఒకటే అడిగింది. "మరి నా మొక్కు ఏం గావాలె?"

"నీది నువ్వు అడుగు అమ్మా, నేనే రాస్త. నాది నేను అడుగుత."

సోమవారం సిరిసిల్ల బస్సు నేను లేకుండానే పోయింది. నేను జగిత్యాల బస్సెక్కి లా ప్రవేశ పరీక్షకు దరఖాస్తు చేసి వచ్చాను. సర్దిన బ్యాగు అమ్మ వారమంతా విప్పలేదు.

ఆదివారం పొద్దున కాగితం నా ముందు పెట్టింది.

"రాయి. నా కొడుకు సేవకు పోవాలె."

రాశాను.

"ఏం మార్వలేదు గద?"

"లేదు."

"అయితే గిప్పుడు నీది రాయి. కాని నాది పైన వెట్టు. ముందుగాల నాదే సదవాలె."